పొగబట్టిన ఫొటోల్లో పాత విశాఖ

మా అక్క ఇంట్లో ఫ్రిజ్ వెనక వైరు కాలి మంటలు లేచాయని శుక్రవారం సాయంత్రం ఫోనొచ్చింది.

"ఎవులికీ ఏటీ అవ్వలేదే. వంటిల్లు కాలిపోనాది, మిగతా ఇల్లంతా మసి. మీ బావ మాటాడ్డం మానేసినాడు. నువ్వు రావాల," అంది అక్క.

అంగన్‌వాడీలో సెలవు చెప్పి, చింపి వాడుకోవడానికి రెండు పాత చీరలు, కొన్ని మాస్కులు సంచిలో కుక్కుకుని, శనివారం తెల్లారకముందే బొబ్బిలి స్టేషన్‌కి వెళ్లాను. పాసింజరులో కిటికీ పక్కనే సీటు దొరికింది. విజయనగరంలో ఇడ్లీ పొట్లం కొనుక్కున్నాను. ఎదురు సీట్లో ఆనపకాయల గంపతో కూర్చున్నావిడ నా ప్రయాణం సంగతి అడిగి, విని, గంప పక్కకి జరిపి ముందుకు వంగింది.

"మాకూ ఓపాలి ఇల్లంటుకున్నాది. మసికి ముందే నీళ్లు తగిలించకమ్మా, గోడకి మరింత పట్టేస్తాది. పొడిగానే దులపాల."

కొత్తవలసలో దిగిపోతూ కిటికీలోంచి ఇంకోసారి చెప్పింది, "పొడిగానే!"

తొమ్మిది దాటాక విశాఖలో దిగాను. పాత పోస్టాఫీసు వైపు వెళ్లే సిటీ బస్సెక్కితే అక్క వాళ్లుండే వన్‌టౌన్ అరగంటలోపే. బస్సు దిగి నాలుగడుగులు వేస్తే ఇళ్ల మధ్యనుంచి ఓడల మోత వినిపిస్తుంది. అక్క వాళ్ల సందు మొదట్లోనే నాకు కాలిన ప్లాస్టిక్ వాసన తగిలింది.

మా బావ పోర్టులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. ఈ ఊరి పాత ఫొటోలు పోగుచెయ్యడమంటే ఆయనకి ప్రాణం. పెళ్లిళ్లకెళ్లినా, చావులకెళ్లినా, "మీ ఇంట్లో పాత ఫొటోలేమైనా ఉన్నాయా?" అని అడిగేవాడు. ముందుగది గోడలనిండా అవే. ఓడలొచ్చే కాలువ, కురుపాం మార్కెట్లో గుర్రబ్బళ్లు, చేపల జెట్టీ కట్టకముందు ఇసుక మీదికి పడవలు లాగుతున్న జనం. ఇప్పుడా గోడల మీద నల్లటి పలకలు తప్ప ఏమీ కనిపించడం లేదు.

బావ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, "వచ్చినావా? అవన్నీ చెత్తబండికి ఇచ్చెయ్యమ్మా. ఊరే మారిపోనాది. ఇంకెవులికి కావాల?" అన్నాడు. అలసిపోయిన గొంతు. ఇన్నేళ్లలో ఆయన్ని అలా చూడలేదు.

ఎలక్ట్రీషియన్ అప్పటికే వచ్చి కాలిన వైర్లు తీసేసి వెళ్లాడు. నేనూ అక్కా మాస్కులు కట్టుకుని, తలుపులూ కిటికీలూ బార్లా తీసి పని మొదలుపెట్టాం. మూతలేని డబ్బాల్లోని పప్పులూ పిండీ పారబోశాం. పైనుంచి కిందికి మెత్తటి బ్రష్‌తో దులిపాం. అయినా గోడకి అంటుకున్న మసి వదల్లేదు. బావ బల్ల మీది పెన్సిల్ రబ్బరుతో ఓ మూల రుద్ది చూస్తే అంత మేర తెల్లబడింది. కానీ ఇంత గోడకి ఎన్ని రబ్బర్లు కావాలి? అక్క పక్కింటి నుంచి గోధుమపిండి తెచ్చి చపాతీ ముద్దలా గట్టిగా కలిపింది. ఆ ముద్దని గోడకి అద్ది తీస్తే మసి దానికి అంటుకుని వచ్చేసింది.

"ఇన్నాళ్లూ మీ బావకి పెట్టిన చపాతీలకన్నా ఇదే బాగా కుదిరినాది," అంది అక్క. అరుగు మీద బావ నవ్వాడో లేదో కనబడలేదు గానీ, వెనక్కి తిరిగి చూశాడు.

తర్వాత ఫ్రేములు ఒక్కొక్కటే దింపి, వెనక మేకులు తీశాం. పొగ అద్దాల దగ్గరే ఆగింది. లోపల ఫొటోలు చాలా మటుకు బాగానే ఉన్నాయి, కొన్నిటికి అంచులు మాత్రం గోధుమరంగు తిరిగాయి. వంటింటి గోడవైపున్న మూడు ఉబ్బిపోయి పనికిరాకుండా పోయాయి. వాటిని అక్క బావకి చూపించకుండా పక్కన పెట్టింది. మిగతావి వాసన పోవడానికి అరుగు మీద నీడలో దుప్పటి పరిచి వరసగా గాలికి పెట్టాం.

మధ్యాహ్నం సందులోకి చేపలమ్మే నూకరత్నం వచ్చింది. గంప దించి, "ఏటమ్మా, బొమ్మలన్నీ బయటెట్టేసినారు?" అంటూ వంగి చూసింది. ఒక ఫొటో దగ్గర ఆగిపోయింది. ఇసుకలో పడవ పక్కన గంపలతో అయిదుగురు ఆడవాళ్లు.

"మాయమ్మ!" అంది. "బాబూ, ఈవిడ మాయమ్మే. మా ఇంట్లో అమ్మ బొమ్మొకటీ లేదు. నాను మొకం మర్సిపోతానేమోనని భయమేసీది."

బావ లేచి వచ్చాడు. ఆ ఫొటో కింద ఆయన రాసుకున్నది 'జాలరి స్త్రీలు' అని మాత్రమే. నూకరత్నం గంప సంగతే మర్చిపోయి అక్కడే కూర్చుంది. ఎవరు ఎవరి అత్తో, ఒడ్డున నిలబడి పిలిస్తే ఎవరి గొంతు పడవ దాకా వినబడేదో చెప్పింది. బావ పెన్సిల్ తెచ్చుకుని ఒక్కొక్క పేరూ వెనకాల రాశాడు.

"తీసుకెళ్లిపోవమ్మా. ఇది నీదే," అన్నాడు చివరికి.

"వొద్దు బాబూ. మా ఇంట్లో కారుతాది. ఇక్కడే ఉంచండి, నానొచ్చి సూసుకుంతాను."

బావ ఒప్పుకోలేదు. చొక్కా వేసుకుని, ఆ ఫొటో పట్టుకుని, ఆమెకి కాపీ తీయించడానికి అప్పటికప్పుడే స్టూడియోకి బయల్దేరాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "ఆ చెత్తబండోడొస్తే వట్టిచేతుల్తో పంపించెయ్యండి," అన్నాడు.

ఆదివారం గోడలకి సున్నం వేయించాం. వంటింటికి ఇంకా చాలా పనుంది. అయినా సాయంత్రం బండికి నేను బయల్దేరేసరికి ముందుగది మళ్లీ ముందుగదిలా ఉంది.

తిరుగు ప్రయాణంలో పక్క సీటు కుర్రజంట ముక్కులు ఎగబీల్చి, నావైపు చూశారు. నా జుట్టులో ఇంకా పొగవాసనే. విశాఖ వెళ్లేవాళ్లు బీచిరోడ్డూ రుషికొండా చూసి వచ్చేస్తారు. ఒక పూట మిగిలితే వన్‌టౌన్ సందుల్లో కూడా తిరగండి. అక్కడ ఎవరిని కదిపినా ఊరి కబుర్లు చెబుతారు.

విజయనగరం దాటుతుండగా అక్క ఫోన్ చేసింది. నూకరత్నం మరో నలుగురిని వెంటబెట్టుకొచ్చిందట. వెనకాల అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఫొటోలో పడవ పక్కన ఆ చివర నిలబడింది నూకరత్నం చెప్పినావిడ కాదట, ఎవరి అమ్మో తేలడం లేదు.

"మీ బావేటి సేస్తన్నాడో తెలుసా? తగువు తీరుస్తన్నాడు," అంది అక్క. "నాను మాటాడుతుంటే ఇనబడ్డం లేదు కదేటి? ఇక ఫోన్ పెట్టెయ్, అందరికీ టీ పెట్టాల."