సూడి మేక

పలమనేరు దాటి బెంగుళూరు దారిన కొంతదూరం పోతే, రాళ్ళగుట్ట కింద సిద్ధమ్మ మేకల దొడ్డి కనబడుతుంది. ఆ ఉదయం ఆమె దొడ్డికీ దారికీ నడుమ తిరుగుతూనే ఉంది. కూర్చుంటే కాళ్ళు నిలవవు. లేస్తే తడిక పట్టుకొని లోపలికి చూస్తుంది. విడిగా కట్టిన పొడుగుచెవుల మేక ఆమెను చూసి ఒకసారి అరచి, మళ్ళీ తల వాల్చింది.

పొట్టి నాటు మేకల మందలో అదొక్కటే జమునాపారి జాతి పోతుకు పుట్టినది. తల్లి ఈనిన నాడే చనిపోగా సీసాపాలతో పెంచింది సిద్ధమ్మ. అది మేత తగ్గించిందని పశువైద్య సహాయకుడు రక్తం తీసి ఇస్తే, ఆ గొట్టాన్ని తడిగుడ్డలో చుట్టుకొని చిత్తూరు బస్సెక్కి, పరీక్షాకేంద్రంలో తానే ఇచ్చి వచ్చింది. నిన్న సాయంత్రం అక్కడ పరీక్షలు చేసే స్రవంతి ఫోనులో చెప్పిన మాట శరాఘాతమైంది: రక్తం బాగా పలచబడింది, తెల్లకణాలు పెరిగాయి, అంటుజబ్బు కావచ్చు, మందలో ఉంచవద్దు. కోసెయ్యమన్నట్టే వినబడింది సిద్ధమ్మకు.

మందంతా పోతుందన్న భయం ఒకవైపు, పాలుపట్టిన చేతులతోనే ప్రాణం తీయించే పాపం మరొకవైపు. మేకల వ్యాపారి కాశిం సాహెబుకు కబురంపింది గాని, అంపిన క్షణం నుంచి ఆయన రాకూడదనే కోరుకుంది.

ఆయన వచ్చాడు.

"జబ్బంట సాయబూ, చిత్తూరులో రక్తం సూసిన పాప సెప్పింది. తినేదానికి ఇయ్యబాక. దూరంగా తీసకపోయి, కోసి పూడ్చెయ్."

"లాభం లేని బేరాలన్నీ నాకే పెడతావు గదక్కా," అంటూ ఆయన వంగి మేక డొక్కపై అరచేయి ఆనించాడు. కొంతసేపు అలాగే ఉండి లేచాడు. "లోపల పిల్లలు తన్నతా ఉండాయి. సూడిదాన్ని నేను బండెక్కించను. మా నాయన నాటి నుంచీ ఇదే కట్టుబాటు."

"మంద పోతే నేనేం గావల్ల?"

"సూడిదని ఆ పాపకు సెప్పినావా?"

"మొదుట సెప్పిందే అది. ఏం తెచ్చావమ్మా అనింది. సూడి మేక పాపా అన్నా."

"ఏ ఊరి పాప?"

"బెజవాడ పక్కదంట."

కాశిం సాహెబు గడ్డం నిమురుకున్నాడు. "మా ఇంట్లో ఉర్దూనే గదా. బడికి పోయిన కొత్తలో ఎవురన్నా సూడి ఆవంటే, నన్ను సూడమన్నారని ఆవు పక్కకు సూసేవాణ్ణి. ఫోన్ కొట్టక్కా."

చూలుతో ఉన్న పశువును సూడిది అనడం, చూడు అనే మాటను సూడు అనడం ఆ సీమ నుడి. స్వరం తప్పిన మంత్రం యజ్ఞకర్తనే హింసిస్తుందని పెద్దల హెచ్చరిక. ఇక్కడ ఇకారం ఉకారంగా వినబడింది, అంతే.

సిద్ధమ్మ ఫోను చేసి, మేక కడుపులో పిల్లలున్నాయని చెప్పగానే స్రవంతి అంది: "ఇక్కడ అందరూ మాటకు ముందు సూడు అంటారు కదమ్మా. మీరూ 'చూడు, మేక' అన్నారనుకున్నాను. మొదటి ఈతా?"

"అవును పాపా. చిన్నది, పాలపండ్లు గూడా అన్నీ మారలే. ఇంగ ఈనే పొద్దే."

"నెలలు నిండేకొద్దీ ఒంట్లో నీరు చేరి రక్తం పలచగా కనిపిస్తుంది, తెల్లకణాలూ పెరగవచ్చు. జాతిని బట్టీ వయసును బట్టీ కూడా కొలతలు మారతాయి. నేను చూలు లేని, ఈడొచ్చిన నాటుమేక కొలతతో పోల్చాను. తప్పు నాదే. పిల్లలు పొట్టను అదిమితే మేత కూడా తగ్గుతుంది. జబ్బు లేదని మాత్రం ఇప్పుడే అనలేను. ఈరోజే డాక్టరుకు చూపించండి, ఈనాక మళ్ళీ రక్తం తీయించండి. అంతవరకూ విడిగానే ఉంచండి."

"కోయించొద్దు గదా?"

"వద్దమ్మా."

సిద్ధమ్మ తడికకు ఆనుకుంది. కాశిం సాహెబు ఖాళీబండి తిప్పుతూ అన్నాడు: "పట్నమోళ్ళకు ఇంగమీద కడుపుతో ఉండాదని సెప్పు."

"మేక కడుపుతో ఉండాదంటే నవ్వరా సాయబూ?"

"నవ్వనీ. కొయ్యమనరు గదా."

ఆమె నవ్వబోయి ఆగింది. డాక్టరుకు ఫోను చేసి, అవిసె రెమ్మ విరిచి మేక మూతి ముందు పట్టుకొని, డాక్టరు వచ్చే దారి వైపు మెడ తిప్పి నిలబడింది.