నొప్పి ఎరుగని ఎముకలు

ఐసు మేస్త్రి అంటే ఆ పేటలో తెలియనివాళ్లు లేరు. చదువు ఐదో తరగతితో ఆగిపోయినా, ఐసు ఫ్యాక్టరీలో కూలీగా చేరి మేస్త్రి అయ్యాడు. కరెంటు పోయిన మండువేసవిలో గడ్డల మీద రంపపు పొట్టు కప్పించి సరుకంతా నిలబెట్టాడు. తండ్రి పోయాక చెల్లెల్ని పెంచి, కుట్టుపని నేర్పించి, పెళ్లి చేశాడు. జ్వరమొచ్చినా మాత్ర మింగి ఎరగనని పదిమందిలో చెప్పుకునేవాడు. చెప్పుకోదగ్గ మనిషే మరి.

ఆ చెల్లెలి ఎముకల్లోని మూలుగు చెడిపోయింది. మంచి రక్తం పుట్టడం మానేసింది. పరీక్షలు చేస్తే అన్నగారి కణాలే సరిగ్గా కుదిరాయి.

"కుదరక ఏం చేస్తాయి? మా రక్తం మేలురకం!" అన్నాడు మేస్త్రి.

డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. రక్తాన్ని పుట్టించే మూలకణాలు మూలుగులో కాపురముంటాయి. ఒక్కో కణం మీద గ్రాహకం అనే చిన్న కొక్కెం ఉంటుంది. మూలుగు ఇచ్చే ఒక పదార్థాన్ని అది పట్టుకుని, కణాన్ని కదలనివ్వదు. సూదిమందు వేసుకుంటే ఆ పట్టు సడలి కణాలు రక్తంలోకి వస్తాయి. అప్పుడు చేతి నరంలోంచి తీసి చెల్లెలికి ఎక్కిస్తారు.

ఆస్పత్రిలో ఉండమంటే, తాను లేకపోతే ఫ్యాక్టరీ మూతబడుతుందని ఇంటికి బయల్దేరాడు మేస్త్రి. సూదులు తమ వీధి కాంపౌండరు చేత వేయించుకుంటానన్నాడు. నర్సు మందు పెట్టె చేతికిస్తూ, "చల్లగా ఉంచాలి పెద్దాయనా" అంది.

"చల్లదనం గురించి నాకా చెబుతున్నావు తల్లీ?" అని నవ్వాడు.

కణాలు తీసే రోజు రానే వచ్చింది. అప్పటికే చెల్లెల్ని అద్దాల గదిలో ఉంచి, ఆమె పాత మూలుగు కణాలను మందులతో తుడిచిపెట్టేశారు. ఇక వెనక్కి పోయే దారి లేదు. మేస్త్రి రెండు చేతులకూ గొట్టాలు పెట్టించుకుని పొద్దంతా పడుకున్నాడు. యంత్రం తిరిగింది. సాయంత్రం కణాలు చేరిన సంచి చూసి డాక్టరమ్మ ముఖం వాడిపోయింది.

"కణాలు చాలా తక్కువ వచ్చాయి. ఎముకలు బాగా నొప్పిపెట్టాయా?"

"నొప్పా? నాకా? ఈ ఒళ్లు ఉక్కమ్మా. చీమ కుట్టినట్టు కూడా లేదు."

డాక్టరమ్మ, నర్సు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఈ మందు పనిచేస్తే ఎముకలు పీకుతాయి.

"మందు ఎక్కడ పెట్టారు పెద్దాయనా?" నర్సు మెల్లగా అడిగింది.

"మా ఫ్యాక్టరీలో, ఐసు గడ్డల నడుమ. అంత చల్లదనం మీ ఆస్పత్రిలో కూడా ఉండదు. రోజూ రాయిలా గడ్డకట్టేది. గుప్పిట్లో కరిగించుకుని కాంపౌండరు దగ్గరికి పట్టుకెళ్లేవాణ్ణి."

"అయ్యో! గడ్డకట్టి కరిగి, గడ్డకట్టి కరిగి, మందు పాడైపోయుంటుంది" అంది నర్సు.

మేస్త్రికి అద్దాల గది వైపు తల తిప్పే ధైర్యం చాలలేదు.

ఆస్పత్రిలోనే మంచి మందు మళ్లీ మొదలుపెట్టారు. దానికి తోడు, ఆ కొక్కేన్నే నేరుగా మూసేసే ఇంకో సూది కూడా వేశారు. ఈసారి నడుము, తుంటి, రొమ్ము ఎముక సలపరించిపోయాయి. "అబ్బా, చంపేస్తోంది" అని వార్డంతా వినబడేలా మూలిగాడు. మాత్ర ఇస్తే కిమ్మనకుండా మింగాడు. కణాలు సరిపోయీ సరిపోనట్టు వచ్చాయి. ఎక్కించారు.

"ఇప్పుడా కణాలు అదే కొక్కెంతో ఆవిడ మూలుగును పట్టుకుని అక్కడ నిలవాలి" అంది డాక్టరమ్మ. "మీ కణాలతోపాటు రోగాలతో పోరాడే మీ కాపలా కణాలూ వెళ్లాయి. పరాయి ఒళ్లనుకుని ఆవిడ మీదే విరుచుకుపడొచ్చు. వాటిని శాంతపరిచే కణాలు వేరే ఉన్నాయి. అవి మూలుగులో కుదురుకోవడానికీ ఈ కొక్కెమే ఆధారం."

అద్దం అవతల ఫోను పట్టుకుని చెల్లెలు నీరసంగా నవ్వింది. "అన్నయ్య కణాలు పెత్తనం చేయకుండా ఉంటాయా డాక్టరమ్మా!"

మేస్త్రి నవ్వలేదు.

రోజులు గడుస్తున్నా రక్తకణాల లెక్క పెరగలేదు. చెల్లెలికి నోరంతా పుళ్లు, విడవని జ్వరం. మేస్త్రి వసారా బల్ల మీదే కూర్చునేవాడు. ఎవరైనా ఏం పని చేస్తావని అడిగితే, "ఐసు పని" అని ఊరుకునేవాడు.

ఒక ఉదయం ఫోను మోగింది.

"అన్నయ్యా, నడుం పీకుతోందిరా. లోపల ఎముకలోంచి."

మేస్త్రి దిగ్గున లేచాడు. "తుంటి కూడానా?"

"తుంటీ, రొమ్మూ. ఎవరో లోపల సామాను సర్దుతున్నట్టుంది."

"బాగా నొప్పిగా ఉందా? నిజం చెప్పు."

"ప్రాణం పోతోందంటే నీకంత సంబరమేంట్రా!"

రక్తం తీసుకెళ్లిన నర్సు మధ్యాహ్నానికి తిరిగొచ్చింది. తెల్లకణాలు కొద్దిగా కనిపించాయంది. మేస్త్రి కళ్లు ఒత్తుకున్నాడు.

"కానీ పెద్దాయనా, అరచేతులు ఎర్రబడుతున్నాయి. మీ కాపలా కణాల పనేమో, రేపు చూసి గానీ ఏమీ చెప్పలేం."

మేస్త్రి అద్దం దగ్గరికి వెళ్లాడు. చెల్లెలు అరచేతులు తెరిచి చూపించింది.