పరుపుల సన్యాసయ్య దాచిన మాట

మీకెవరైనా ఊరికే పరుపు ఇస్తామంటే, ఎందుకిస్తున్నారని అడుగుతారా, దాంతోపాటు దిండ్లు ఎన్ని ఇస్తారని అడుగుతారా? తడుముకోకుండా జవాబు చెప్పండి. కాశీయాత్ర చేసి అప్పుడే తిరిగివచ్చిన రాయగడవాళ్లు ఇరవై రెండు మందికి ఈ మాటే ఫోనులో చెబితే, ఎందుకని అడిగినవారు ఒక్కరూ లేరు. దిండ్ల లెక్క మాత్రం అందరూ అడిగారు. ఆ ఇరవై రెండు మందిలో ముప్పై అయిదేళ్లుగా పరుపులు కుట్టించి అమ్ముతున్న మనిషి ఒకడున్నాడు. పేరు సన్యాసయ్య. ఈ కథ అతనిది.

సన్యాసయ్య తాత విజయనగరం నుంచి దూది బస్తాలతో రాయగడ వచ్చి బజారులో చిన్న కొట్టు పెట్టాడు. తండ్రి ఆ కొట్టును పెద్దది చేశాడు. సన్యాసయ్య దానికి పేరు తెచ్చాడు. పరుపును విప్పి చూడవలసిన అవసరం అతనికి లేదు. అంచు దగ్గర బొటనవేలితో ఒక్కసారి నొక్కి, లోపల ఉన్నది బూరుగు దూదో, మిల్లు చెత్తో, పాత పరుపు చించి మళ్లీ ఏకిన దూదో చెప్పేస్తాడు. డొరగుడ క్వార్టర్లలో కొత్తగా కాపురం పెట్టే ఇంజనీర్లూ, కొల్నార వైపు పల్లెల నుంచి పెళ్లి సామానుకు వచ్చే రైతులూ సాహుకారు చెబితే చాలని కొనుక్కుపోతారు. ఇంతవరకు గౌరవించదగిన జీవితమే.

అయితే ఆ గౌరవం అతనికి జబ్బుగా మారింది. సారా తాగినవాడికి తెల్లవారేసరికి దిగుతుంది. పెద్దరికం తాగినవాడికి మజ్జిగ పట్టేవాడు ఎవడూ ఉండడు. ఏ ఇంట తగువైనా, ఏ ఇంట పెళ్లిచూపులైనా సన్యాసయ్య ముందు కుర్చీలో ఉండాలి. తెలియని సంగతిని తెలియదని అతని నోట విన్నవారు ఆ బజారులో లేరు.

కాశీయాత్రకు కూడా అతనే పెద్ద. ఈ వర్తక కుటుంబాల్లో గుంపుగా యాత్రకు పోయేటప్పుడు ఒక ఆచారం ఉంది. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనన్న రోజుల నాటిది. బయలుదేరే ముందు ప్రతి మనిషి పేరూ, తండ్రి లేదా భర్త పేరూ, ఇంటి గుర్తూ, కబురు చెప్పవలసిన బంధువూ ఒక కాగితం మీద రాసి, యాత్ర పెద్ద జేబులో పెడతారు. దారిలో ఎవరైనా పోతే ఇంటికి కబురు అందాలి కదా. దాన్ని యాత్ర చీటీ అంటారు. ఇప్పుడు అందులోకి ఫోను నంబర్లు కూడా వచ్చాయి.

కాశీలో బస ఖాళీ చేసే పూట, నవ్వు మొహం కుర్రవాడొకడు గుమ్మంలో నిలబడి, బస ఎలా ఉందో నాలుగు ముక్కలు రాయమని ఒక ఫారం ఇచ్చాడు. ఒక పేరూ ఒక నంబరూ రాస్తే సరిపోయేది. సన్యాసయ్య ఖాళీ గడులు చూసి ఊరుకోలేకపోయాడు. సగం నింపిన కాగితం దరిద్రమని అతని నమ్మకం. జేబులోంచి యాత్ర చీటీ తీసి, ముత్యాల్లాంటి అక్షరాలతో ఇరవై రెండు పేర్లూ ఎక్కించాడు. చావు కబురు కోసం రాసుకున్న చీటీ ఆ పూటే పరుపుల బేరగాళ్ల చేతికి చేరింది. అప్పగించినవాడికి పైగా మెప్పు కూడా దక్కింది: "మీ రైటింగ్ చాలా బాగుంది సార్."

తిరిగివచ్చి సమారాధన చేసిన నాలుగో రోజున ఫోను మోగింది. శయనశ్రీ హాలిడే క్లబ్ అట. ఈమధ్య యాత్ర చేసినవారిలోంచి అదృష్టవంతులను ఏరారట. అతను ఫోను పెట్టేసి భార్య గౌరీశ్వరితో గర్వంగా చెప్పాడు.

"పరుపూ, రెండు దిండ్లూ, దుప్పటీ ఊరికే ఇస్తారట. పైగా పూరీలో హోటల్లో మూడు రోజులు పైసా ఇవ్వకుండా ఉండొచ్చట."

"పరుపుల కొట్టోడికి పరుపిస్తారేటి? రేపు మంగలోడికి గెడ్డం గీస్తారు గావోసు."

"నీకేటి తెల్సు? పెద్ద కంపినీ. పేరెట్టి పిలిసేరు."

"పిలవరేటి మరి? పేర్లన్నీ మీరే రాసిచ్చేరు కదా."

ఆమె మాట అక్కడితో ఆగింది, ఎందుకంటే ఈలోగా మిగిలినవాళ్ల ఫోన్లు మొదలయ్యాయి. దారిలో యాత్ర పెద్ద మాట దాటరాదు. యాత్ర అయ్యాక కూడా ఆ అలవాటు కొన్నాళ్లు వదలదు. "ఎల్లమంటావా అన్నియ్యా?" అని ప్రతివాళ్లూ అడిగారు. తనకూ తెలియదనడం అతని చేత కాలేదు. "ఎల్లండి. నానూ వస్తన్నాను" అన్నాడు, కంపెనీ తనదే అన్నంత ధీమాగా.

బహుమతులిస్తామని పిలిచిన సభ స్టేషను రోడ్డులో ఒక హోటలు హాల్లో జరిగింది. గుమ్మం దగ్గర టై కట్టుకున్న విష్ణువర్ధన్ అనే యువకుడు, ముందురోజే కోరాపుట్‌లో ఇదే తతంగం ముగించుకుని వచ్చినవాడు, చేతులు జోడించి నిలబడ్డాడు. యాత్రలో వచ్చిన జానకి కూడా అక్కడికి వచ్చింది. ఇడ్లీ పిండి రుబ్బి ఇళ్లకూ హోటళ్లకూ పోసే మనిషి. రెండో గ్రైండరు కొనాలని రెండేళ్లుగా కూడబెడుతోంది.

"ఇది కపుల్స్‌కి మాత్రమే మేడమ్. సార్ రాలేదా?"

"సార్ పోయి తొమ్మిదేళ్లయింది బాబూ."

"అయితే సారీ మేడమ్. కంపెనీ రూల్."

జానకి వెనక్కి తిరిగింది. మొగుడు పోయినదానికి పరుపెందుకనే ఆ నీచమైన నియమం, ఆ ఒక్క పూటకు, ఆమెను కాపాడబోయింది. కాపాడనివ్వకుండా సన్యాసయ్య అడ్డుపడ్డాడు.

"ఆగమ్మి, ఎక్కడికెల్తావు? బాబూ, ఈవిడ మా సెల్లి. ఈవిడ పక్కన నాను నిలబడతాను. లోపలికి రానీ."

విష్ణువర్ధన్ ఒక్క క్షణం ఆలోచించి దారి ఇచ్చాడు. నియమాలు అలాంటి కంపెనీల్లో తలుపుల వంటివి. లోపలికి రావడానికి తెరుస్తారు, బయటికి పోవడానికి మూస్తారు.

పకోడీలూ టీలూ అయ్యాక సన్యాసయ్యను వేదిక ఎక్కించి దండ వేశారు. "రాయగడ మొత్తానికీ పరుపుల విషయంలో చివరి మాట ఈ సార్‌ది. మా పరుపు ఎలా ఉందో సారే చెబుతారు" అని మైకు చేతికిచ్చారు. అతను అలవాటుగా అంచు దగ్గర నొక్కాడు. పైన వేలెడు మందాన మంచి స్పాంజి. కింద అంతా తుక్కు, ముక్కలు చేసి జిగురుతో అంటించిన చెత్త. రెండు వానలకు వాసన కొట్టే సరుకు. నొక్కిన వేలు చటుక్కున వెనక్కి తీసుకోవడం మొదటి వరుసలో ఉన్న గౌరీశ్వరి చూసింది. మెడలో దండ, ఎదురుగా తనను నమ్మి వచ్చినవారు, పక్కన ఫోటో తీసేవాడు.

"బాగున్నాది" అన్నాడు సన్యాసయ్య.

చప్పట్లు మోగాయి. ఒక్క మాటతో ముప్పై అయిదేళ్ల పేరును తుక్కు స్పాంజికి అద్దెకిచ్చిన పెద్దమనిషి కూడా ఆ చప్పట్ల మధ్య నవ్వాడు. ఆ వెంటనే బల్లల మీదికి ఇంగ్లీషు కాగితాలు వచ్చాయి. బహుమతి అందినట్టు రసీదు మాత్రమేనన్నారు. తీరా చూస్తే అవి పదేళ్ల సభ్యత్వానికి ఒప్పుకుంటూ, నెలనెలా బ్యాంకు ఖాతాలోంచి వాయిదా తీసుకోమని ఇచ్చిన అనుమతి పత్రాలు. జానకి కూడా సంతకం చేసింది. పక్కన అన్నయ్య నిలబడి ఉన్నాడు కదా.

రెండు నెలలు వాయిదాలు పోయాక, పోయేది ఎలాగూ పోతోంది, కనీసం జగన్నాథుణ్ణి చూసి వద్దామని జానకి పూరీ హోటల్లో గది కోసం క్లబ్బుకు ఫోను చేసింది. ఆ పథకంలో గదులు దంపతులకే ఇస్తారని, ఒంటరి మహిళకు ఇవ్వరని అటునుంచి తీయని గొంతు చెప్పింది. కాలు పెట్టడానికి వీల్లేని గదికి పదేళ్లు అద్దె కట్టే భాగ్యం ఆమెకు దక్కింది. ఆమె నేరుగా సన్యాసయ్య కొట్టుకు పోయింది. కొడుకు సుమంత్ గల్లా దగ్గర ఉన్నాడు.

"నాన్న లేడత్తా. పార్వతీపురం ఎల్లేడు."

"సెప్పులొదిలేసి ఎల్లేడేటి?" గుమ్మంలో ఉన్న చెప్పులు చూపించింది జానకి. తర్వాత పరుపుల దొంతర వైపు తిరిగి గొంతు పెంచింది. "అన్నియ్యా, నాకు పరుపొద్దు, పూరీ ఒద్దు. నెలనెలా కోత ఆపించు సాలు. నువ్వు పక్కనున్నావనే సంతకం ఎట్టేను."

దొంతర వెనుక సన్యాసయ్య ఇంకాస్త లోపలికి జరిగాడు.

జిల్లా వినియోగదారుల కమిషన్‌కు జానకి ఫిర్యాదు రాసి పెట్టింది ఆమె వకీలునైన నేనే. మిగిలినవాళ్ల గడపలన్నీ ఎక్కి దిగాను. ఒక్కరూ సంతకం చేయలేదు. మోసపోయినందుకు కాదు వాళ్ల బాధ, మోసపోయామని పక్కింటికి తెలుస్తుందని. ఊరికే వచ్చిన పరుపు మీద నడుము నొప్పితో పడుకుని, హాయిగా ఉందని చెప్పుకునే జాతికి చట్టం ఏం చేయగలదు? కంపెనీ జవాబు మాత్రం పకడ్బందీగా వచ్చింది. బహుమతుల నాణ్యతను అందరి ఎదుటా పట్టణంలోని సీనియర్ పరుపుల వ్యాపారి పరీక్షించి మెచ్చుకున్నారని, ఫిర్యాదుదారు ఆయన సమక్షంలోనే సంతకం చేశారని రాసి, దండ మెడలో వేసుకున్న సన్యాసయ్య ఫోటో జతచేశారు. జానకికి దిక్కు అతని సాక్ష్యమే. అతను నోరు విప్పితే ఆ హాల్లో జరిగింది మోసమని తేలుతుంది. విప్పకపోతే ఆమె ఇష్టపడి కొనుక్కున్నట్టే.

నేను అడిగినప్పుడు సన్యాసయ్య తేలిగ్గా ఒప్పుకున్నాడు. "రాసేయమ్మి. నాకు తెలీక బాగున్నాదనేసేనని రాసేయ్. దూదోణ్ణి, స్పాంజి సరుకు నాకేటి తెలుస్తాది?"

"మీకు తెలుసు. మీరు వేలు వెనక్కి తీసుకోవడం చూశానని మీ ఆవిడ నాతో చెప్పింది. అబద్ధం రాసి మిమ్మల్ని బోను ఎక్కించను."

"తెలిసే ఊరుకున్నానని సెప్పమంటావా? ఈ వయసులోనా?" అని విసురుగా లేచాడు. రెండు వారాలు నా ఫోను ఎత్తలేదు.

ఒక ఉదయం గౌరీశ్వరి పిలిస్తే కొట్టుకు వెళ్లాను. విష్ణువర్ధన్ అక్కడ కుర్చీలో కూర్చున్నాడు. కోరాపుట్, రాయగడ జిల్లాలకు శయనశ్రీ పరుపుల డీలరు సన్యాసయ్యే అట. దానికి ముందు చిన్న ఉత్తరం మీద సంతకం కావాలి. సుమంత్ దాన్ని అప్పటికే చదివి, లారీలు ఎక్కడ దింపాలో ఆలోచిస్తున్నాడు.

"ఏటి రాసేరందులో? తెలుగులో సెప్పు" అన్నాడు తండ్రి.

సుమంత్ గొంతు సవరించుకున్నాడు. "షరతులన్నీ నువ్వే జానకత్తకి తెలుగులో ఇప్పి సెప్పేవట. ఆవిడ అర్థం సేసుకునే సంతకం ఎట్టిందట. అంతే నాన్నా. ఎట్టేయ్. ఇలాటి అవకాశం మల్లీ రాదు."

"ఫార్మాలిటీ సార్" అన్నాడు విష్ణువర్ధన్ పెన్ను అందిస్తూ.

గౌరీశ్వరి నా పక్కనే నిలబడి ఉంది. "ఎప్పుడు సెప్పేరు జానకికి? మీ ఎనకాలే ఉన్నాను కదా నాను. ఆ హాల్లో మీ నోటంట వచ్చింది ఒక్కటే మాట, బాగున్నాదని."

సన్యాసయ్య పెన్ను పట్టుకోలేదు, పక్కకూ నెట్టలేదు. నా వైపు చూశాడు.

"ఇది ఎడితే జానకి అబద్ధమాడినట్టు అవుద్దా?"

"అవుతుంది. ఆమె ఫిర్యాదు కొట్టేస్తారు. పదేళ్లూ కడుతుంది."

"ఎట్టకుండా, నువ్వన్నట్టు సెప్తే?"

"మీరు తెలిసీ నోరు మూసుకున్నారని కమిషన్‌కూ తెలుస్తుంది, బజారుకూ తెలుస్తుంది." మెత్తగా చెప్పడం నాకు చేతనయ్యేది కాదు. చెప్పవలసిన పని కూడా కనిపించలేదు.

 అతను భార్య వైపు తిరిగి అడిగాడు. "ఆ పైన నా మాట మీద ఎవడు కొంటాడే పరుపు?"

"ఇప్పి సూసుకుని కొంటారు" అంది గౌరీశ్వరి.

"నాన్నా, ఒక్కసారి ఆలోసించు..." అని సుమంత్ ముందుకు వచ్చాడు.

"ఆలోసించేనురా. ఆలోసించి ఆలోసించే ఇక్కడికొచ్చేను." సన్యాసయ్య ఉత్తరాన్ని మడిచి విష్ణువర్ధన్ ఒళ్లో పెట్టాడు. "నీ డీలర్‌షిప్పు నువ్వే అట్టుకెల్లు బాబూ." తర్వాత నా వైపు తిరిగాడు. "రాయమ్మి. స్టేజీ మీదే తెలిసింది, దండ కోసం ఊరుకున్నానని రాయి. తిరిగి ఎల్లిపోతున్న జానకిని లోపలికి లాక్కొచ్చింది నానేనని కూడా రాయి. సోమారం కమిషను కాడికి వస్తాను. అక్కడ నోటితో కూడా సెప్తాను."