నాయకుణ్ని ఎవరు పిలవాలి? బేతమంగళ పక్క తాండాలో తీజ్ పండుగ

సక్కుబాయి ఫోన్ చేసి "ఈసారి మా తాండాలో తీజ్ ఉండాది, రావే" అంది. నేను ఎగిరి గంతేసి ఒప్పుకున్నది స్నేహం కోసమేనని చెప్పుకోవచ్చు గానీ, అబద్ధమెందుకు, చుర్మో కోసం. వేడి రొట్టెల్ని నలిపి, బెల్లం తురిమి, నెయ్యి ధారాళంగా పోసి కలిపే లంబాడీ తీపి అది. చిన్నప్పుడు కేజీఎఫ్ బంగారు గని కార్మికుల లైనిళ్ళలో సక్కు వాళ్ళదీ మాదీ పక్కపక్క గుమ్మాలు. మా తాత చిత్తూరు వైపు పల్లె నుంచి గని పనికొచ్చిన మనిషి. వాళ్ళ నాన్న గని లోపల పైకప్పు కూలకుండా దూలాలు నిలబెట్టే పనిలో ఉండేవాడు. మేం పుట్టేసరికే గని ఇంగ్లీషు కంపెనీ చేతిలోంచి సర్కారు చేతికి వచ్చేసింది, మేం పెద్దయ్యేసరికి మూతపడింది. నేను బెంగళూరులో బ్యాంకు ఉద్యోగంలో పడ్డాను. సక్కు బేతమంగళ దగ్గరి తాండాకు కోడలుగా వెళ్ళి, ఇప్పుడు ఏకంగా గ్రామ పంచాయతీ అధ్యక్షురాలైంది.

తీజ్ చూడాలనుకునేవాళ్ళకు ముందే ఒక మాట చెప్పాలి. శ్రావణంలో తాండాలోని పెళ్ళికాని అమ్మాయిలు నాయకుడి అనుమతి తీసుకుని, బుట్టల్లో మట్టీ ఎరువూ నింపి గోధుమలు చల్లుతారు. తొమ్మిది రోజులు పాటలు పాడుతూ నీళ్ళు పోసి పెంచుతారు. చివరి రోజు తాండా నాయకుడు వచ్చి మొదటి మొలకలు తుంచాలి. ఆ తర్వాతే తక్కినవాళ్ళు తుంచి, అన్నదమ్ముల తలపాగాల్లో దోపి, బుట్టల్ని నీళ్ళలో వదులుతారు. నేను బయల్దేరింది ఆ చివరి రోజుకే.

బెంగళూరు నుంచి పొద్దున్నే మారికుప్పం వెళ్ళే రైలు పట్టుకుంటే కేజీఎఫ్‌కు రెండున్నర గంటలు, టికెట్ ముప్పై రూపాయలు కూడా ఉండదు. ఎదురుగా వచ్చే రైళ్ళు ఫ్యాక్టరీలకు వెళ్ళేవాళ్ళతో కిటకిటలాడుతుంటాయి గానీ ఇటు వచ్చేదాంట్లో కాళ్ళు చాపుకోవచ్చు. మాలూరు దాటుతుంటే ఇటుక బట్టీల గొట్టాలు కనిపిస్తాయి. నేరుగా వెళ్ళాలంటే బంగారుపేటలో దిగి బేతమంగళ బస్సెక్కొచ్చు. నేను మాత్రం కేజీఎఫ్‌లోని ఊరిగాం స్టేషన్ దాకా వెళ్ళి రాబర్ట్‌సన్‌పేటలో ఇడ్లీ తిననిదే ముందుకు కదలను. అది నా నియమం. వడ్డించే పెద్దావిడ నా కంచం వంక చూసి "అంతేనా, పోదుమా, చాలునా? ఇంగో రెండు వేస్తాను తిను" అంది. తాండాకు పండక్కి వెళ్తున్నానని చెప్పాను. "మేలే అయింది. పండగిండ్లలో మధ్యాన్నం దాటినా బువ్వ పెట్టరు. కడుపు నింపుకోని పో తల్లీ" అంటూ అడక్కుండానే మూడు వేసింది. పెద్దల మాట చద్దిమూట కదా, మూడూ తిన్నాను.

అక్కణ్నుంచి బేతమంగళకు బస్సులో అరగంట. బస్టాండు బయట శ్రీనివాసపురం నుంచి వచ్చిన ఆఖరి నీలం మామిడి పండ్లు బుట్టల్లో పెట్టుకుని అమ్ముతున్నారు. రెండు కిలోలు కొని ఆటో పిలిచాను. డ్రైవర్ నూట యాభై అడిగాడు, బేరమాడితే నూట ఇరవైకి దిగాడు. దారి మలుపులో బండి ఆపి "ఆ ఫ్లెక్సు చూసినారా అక్కా? దీనివల్లే రచ్చ" అన్నాడు.

లారీ అంత ఫ్లెక్సు. నల్లకళ్ళద్దాలతో ఒకాయన సగం జాగా ఆక్రమించుకున్నాడు. ఆయన మాలూరు బట్టీలకు తాండా మనుషుల్ని పనికి తీసుకెళ్ళే మేస్త్రీ గోపాల్. పక్కన చేతులు జోడించిన మా సక్కు. కింద అందరికీ తీజ్ శుభాకాంక్షలు.

"బాగానే ఉందిగా, రచ్చేంది?" అన్నాను.

"నాయకుని ఫొటో యాడుండాది చెప్పండి? సోమ్లా నాయక్ ఫొటో వేసేదే మరిచిపోయినారు. ఇంగ ఆ పెద్దాయప్ప అలిగి పొద్దున్నించి ఇల్లు దిగలేదంట. బుట్టలు అట్లే ఉండాయి."

తాండా చేరేసరికి అతను చెప్పినట్టే ఉంది. అద్దాల లంగాలు వేసుకున్న అమ్మాయిలు బుట్టల చుట్టూ బుగ్గన చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. మొలకలు జానెడు పైన పెరిగి, నీడలో లేత పసుపుగా ముద్దొస్తున్నాయి. గోపాల్ అటూ ఇటూ తిరుగుతూ బంగారుపేట ఫ్లెక్సు షాపుతో ఫోన్లో అరుస్తున్నాడు. "డబుల్ సైజు కొట్టప్పా! ఆయప్ప ఒక్కడే ఉండల్ల. నేను వద్దు, నన్ను తీసెయ్!" వాళ్ళకు పంపడానికి కిటికీలోంచి నాయకుడి ఫొటో ఒకటి తీశారట. నాకూ చూపించారు. అందులో ఊచలూ, ఒక ముక్కూ తప్ప ఇంకేమీ లేవు. నాకు నవ్వాగలేదు.

సక్కు మాత్రం నవ్వలేదు. నన్ను పక్కకు లాగి చెప్పింది. "ఈరోజు బుట్టలు నీళ్ళకు పోకపోతే పిల్లలకు మంచిది కాదంటారు. అదొక ఎత్తు. ఆడది అధ్యక్షురాలైనంక నాయకుడు గడప దాటలేదని జనం అప్పుడే గొణుగుతా ఉండారు. పద్మా, నేను సంతకం పెడితే బోరు పడతాది, రోడ్డు పడతాది. ఆయన రాకపోతే ఒక్క బుట్ట లేవదే. రేపట్నుంచి ఈ తాండాలో నా మాట ఎవురు వింటారు?"

ఆమె కళ్ళు చూస్తే నేనూ చుర్మో సంగతి మర్చిపోయాను. "పద, మనమే అడుగుదాం" అన్నాను.

సోమ్లా నాయక్ ఆమె మామగారికి అన్న. ఆ ఇంటి ముందుకు రాగానే సక్కు పైట గడ్డం దాకా లాక్కుని గోడ వెనక నిలబడిపోయింది. తాలూకా ఆఫీసులో మైకు పట్టుకుంటే వదలని మనిషి! వాళ్ళలో కోడలు పెద్దమామకు ముఖం చూపించదు, ఎదురుగా మాట్లాడదు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయనతో ఒక్క మాట ఆడలేదట. కాబట్టి మధ్యవర్తిత్వం నా నెత్తిన పడింది.

లోపల చూసి ఆశ్చర్యపోయాను. అలిగిన మనిషి వాలకం కాదది. తలంటుకుని, ఉతికిన తెల్ల పంచె కట్టి, ఎర్ర తలపాగా చుట్టి, చేతికర్రతో సహా సిద్ధంగా మంచం మీద కూర్చున్నాడు పెద్దాయన. పక్కనున్న రొట్టె ముట్టలేదు.

"పెద్దాయనా, ఫ్లెక్సులో మీ ఫొటో వెయ్యకపోవడం తప్పే..." అని మొదలుపెట్టాను.

"ఏం ఫ్లెక్సు?" అన్నాడాయన.

"అదే, రోడ్డు మీద..."

"నేను రోడ్డు మీదికి పోయి ఎన్నాళ్ళయిందో. నాకేం తెలుసమ్మా?"

"మరి పండగకు ఎందుకు రాలేదు?"

ఏమీ తెలియని పిల్లను చూసినట్టు చూశాడు నన్ను. "పిలిస్తే కదా వచ్చేది."

"గోపాల్ చాలాసార్లు పిలిచాడట కదా!"

"వాళ్ళూ వీళ్ళూ పిలిస్తే నాయకుడు లేస్తాడా? కార్బారీ పిలవల్ల."

గోడ వెనక గాజులు గల్లుమన్నాయి. నాకు అర్థం కాకపోయినా సక్కుకు అర్థమైపోయింది. కార్బారీ అంటే నాయకుడి కుడిభుజం. తాండా మాట నాయకుడికి, నాయకుడి మాట బయటివాళ్ళకు చేర్చేది అతనే. ఈ తాండాలో తీజ్ నాడు వచ్చి నాయకుణ్ని లేపేది కూడా అతనే. పాత కార్బారీ ధర్మా ఉగాది వెళ్ళాక చనిపోయాడు. కొత్తవాణ్ని పెట్టాలన్న మాట నాయకుడే ఎత్తుతాడని తాండా ఊరుకుంది. తాండా వచ్చి అడగాలి కదా అని నాయకుడు ఊరుకున్నాడు. ఎవరికి వాళ్ళు మర్యాదగా ఊరుకుని ఇంతదాకా తెచ్చారు.

"ఎవురూ అడగలేదు. కార్బారీ వద్దనుకున్నారేమో. అది వద్దంటే ఇంగ నాయకుడెందుకు?" అన్నాడు పెద్దాయన, చేతికర్ర వైపు చూస్తూ. కోపం ఎక్కడా లేదు ఆ గొంతులో, బెంగ తప్ప.

మళ్ళీ ఆయనే అడిగాడు. "అప్పట్లో గనికి మనుషులు కావల్లని మేస్త్రీలొస్తే కార్బారీనే మాట్లాడతా ఉండె. పోలీసొచ్చినా ఆయప్పే. ఇప్పుడు ఆఫీసులకు ఎవురు పోతా ఉండారు? బోరు కోసరం కొట్లాడింది ఎవురు?"

నేను గోడ వైపు చూశాను. "మీ కోడలు."

"తెలుసులే. ఆయమ్మ మాట ఊరంతా విన్నారు. నేనొక్కణ్నే వినలేదు" అని, తలుపు బార్లా తెరవమన్నాడు. గడప మాత్రం దాటలేదు.

తాండా అంతా వాకిట్లో చేరింది. "గోపాలా, నువ్వవుతావా కార్బారీ?" అని కేకేశాడు. గోపాల్ నల్లకళ్ళద్దాలు తీసేసి "నేను నెలలో సగం దినాలు మాలూరులో ఉంటాను మామా. ఆపదలో పిలిస్తే పలికేటోడు కావల్ల గదా, నేను కాను" అన్నాడు. ఆ మాటతో అతని మీద నాకు గౌరవం కలిగింది. బుట్టల దగ్గరి అమ్మాయిలంతా ఒక్క గొంతుతో సక్కు పేరు అరిచారు. ఒక ముసలాయన మాత్రం అడ్డొచ్చాడు. "కోడలు మామతో ఎట్ల మాట్లాడతాది? ముసుగుండాదే!"

"కోడలికి ముసుగు. కార్బారీకి ముసుగెట్లప్పా?" అన్నాడు సోమ్లా నాయక్.

సక్కు గోడ వెనక నుంచి వచ్చింది. పైట మెల్లగా నుదుటి మీదికి, అక్కణ్నుంచి నడినెత్తికి జరిపింది. తమ భాషలో ఏదో అంది, పక్కనే ఉన్న నాకే సరిగా వినపడలేదు.

"వినపడలా" అన్నాడాయన.

ఈసారి ఆమె గట్టిగా అంది. ఒక అమ్మాయి నాకు తెలుగులో చెప్పింది. "నాయకా, ఆడపిల్లలు ఎదురు చూస్తా ఉండారు. లేచి రా!"

పెద్దాయన కర్ర ఊతగా లేచాడు. గడప దాటి ఆమె ముందు ఆగి, ముఖం తేరిపార చూసి "ఇన్నాళ్ళూ ఇంత గొంతు యాడ దాచిపెట్టినావమ్మా?" అన్నాడు. సక్కు ఏడుస్తూ నవ్వింది. నేను నవ్వుతూ ఏడ్చాను. అమ్మాయిల కేకలకు మేకలు తాళ్ళు తెంపుకున్నంత పని చేశాయి.

ఆ తర్వాతంతా సంబరమే. నాయకుడు మొదటి మొలకలు తుంచి కొత్త కార్బారీ కొప్పులో దోపాడు. ట్రాక్టరులో పాటలు పాడుకుంటూ బేతమంగళ జలాశయానికి వెళ్ళి బుట్టలు నీళ్ళలో వదిలాం. చుర్మో ఎంత తిన్నానో చెప్పను. కేజీఎఫ్‌కు చివరి బస్సు చీకటి పడకముందే ఉంటుందన్నారు, అందుకే పరుగెత్తాను.

తిరుగు ప్రయాణంలో మా లైనిళ్ళే గుర్తొచ్చాయి. కంపెనీ రోజుల్లో మేస్త్రీ చెప్పిందే వేదమని తాత అనేవాడు. సర్కారు వచ్చాక యూనియన్ పెద్దల మాట చెల్లింది. గని మూతపడ్డాక ఎవరి బతుకుతెరువు వాళ్ళు వెతుక్కున్నాం, పెద్దరికం అనే మాటే లేకుండా పోయింది. బయటి ప్రపంచం ఈ తాండాలోకీ వచ్చింది, బట్టీలతో, ఎన్నికలతో, ఫ్లెక్సులతో. పాత పెద్దరికం పోయి కొత్తది వస్తుందనే నేనూ అనుకుంటూ వెళ్ళాను. అక్కడ పాతది కొత్తదాన్ని దగ్గరికి పిలిచి ముసుగు తీయించింది. నాకు చెప్పలేనంత సంతోషంగా ఉంది, కొంచెం అసూయగా కూడా ఉంది.

మీరూ వెళ్ళాలనుకుంటే ఒక్క సంగతి గుర్తుంచుకోండి. తీజ్ చూడ్డానికి క్యాలెండరు నమ్ముకుని బయల్దేరకండి, తాండా తాండాకూ రోజు మారుతుంది. ముందే తెలిసినవాళ్ళ ద్వారా కబురు పెట్టి, రావచ్చా అని అడగండి. నాయకుణ్ని నేరుగా అడగకూడదు, కార్బారీ ఎవరో కనుక్కుని అడగాలి. మా తాండాలో అయితే ఆయన కాదు, ఆమె.