మా అత్తను కూర్చోబెట్టిన ఇల్లు

మా అత్తను ఓడెక్కించింది తెల్లదొర అని మా తోటలో అందరూ చెప్పుకునేవారు. నేను ఏనాడూ ఆ మాట అనలేదు, ఇప్పుడూ అనను. దొర ఆఖర్న వేలు చూపించాడు, అంతే. ఆమె కాళ్ళు అంతకు చాలా ముందే మా ఇంట్లో పోయాయి. పోగొట్టింది ఆమెను ప్రాణంతో సమానంగా చూసుకున్న కొడుకు, అంటే మా ఆయన.

మలయా దేశంలో, కెడా రాజ్యంలో బాలింగ్ వైపు కొండల కింద ఉండేది మా రబ్బరు తోట. నేను అక్కడే పుట్టాను. మా అత్త మాత్రం విశాఖపట్నం జిల్లాలో వరి పండించే పల్లె నుంచి మొగుడి వెనక ఓడెక్కి వచ్చింది. మామ చలిజ్వరంతో పోయాక కలుపు కూలి చేసి ఒక్కగానొక్క కొడుకును పెంచింది. రబ్బరు చెట్ల మధ్య కలుపు గొంతుక్కూర్చుని తీయాలి. పొద్దున్న మొదలుపెడితే ఎండెక్కే దాకా నడుమెత్తడం ఉండదు. నేను కాపురానికి వచ్చేనాటికి ఆమె జుట్టు సగం నెరిసింది. అయినా నాకంటే ముందు వరస పూర్తి చేసి, వెనక్కి తిరిగి వెక్కిరించేది.

“ఏటే కోడలా, నువ్వు గడ్డిని పీకుతున్నావా, గడ్డే నిన్ను పీకుతున్నాదా?”

అప్పుడు నాకు ఒళ్ళు మండేది. ఆ వెక్కిరింత ఇంకొక్కసారి వినడానికి ఇప్పుడు చెవి కోసుకుంటాను.

మా పెద్దవాడు పుట్టిన ఏడే మా ఆయనకు చిన్న కంగాణి పని వచ్చింది. కొందరు కూలీలను వెంటేసుకుని పని చేయించే మేస్త్రీ అన్నమాట. నెత్తి మీదికి తలపాగా వచ్చింది, దాని వెనకే పరువూ వచ్చింది. ఆ సాయంత్రమే తల్లి చేతిలో కలుపు కత్తి తీసుకుని చూరులో చెక్కేశాడు.

“అమ్మా, ఇంక నువ్వు కూలికెల్లకు. మనవడు పుట్టినాడు. నా కోసం పడిన కట్టం సాలు. ఇంక కూకుని తిను” అన్నాడు.

మా వాళ్ళ పద్ధతే అంత. కొడుకు ఎదిగాక కూడా తల్లి కూలికి పోతే ఆ కొడుకు చవట. కోడలుండగా అత్త బిందె ఎత్తితే ఆ కోడలు రాకాసి. మా ఆయన దొర బంగళాలో పారేసిన పేము కుర్చీ ఒకటి అడిగి తెచ్చి, విరిగిన కోడు కట్టి గుమ్మంలో వేశాడు. తోటలో కుర్చీ ఉన్న కూలి ఇల్లు మాదొక్కటే. దారిన పోయేవాళ్ళు ఆగి చూసి, కొడుకంటే వీడురా అని మెచ్చుకునేవారు. మా అత్త కూడా మొదట్లో మురిసిపోయింది, అబద్ధమెందుకు.

మురిపెం ఎన్నాళ్ళుంటుంది? నెల తిరక్కుండానే ఆమె చేతులు పని కోసం వెతుక్కోవడం మొదలుపెట్టాయి. చీపురు పట్టుకుంటే ఎదురింటివాళ్ళు చూస్తున్నారని మా ఆయన లాక్కునేవాడు. బియ్యం ఏరడానికి కూడా ఒప్పుకోలేదు. నేను ఊరుకోలేక అడిగేశాను.

“ఆవిడ్ని ఏదో ఒకటి సెయ్యనీ. కట్టేసిన ఆవునాగ అయిపోతన్నాది.”

“నీకు పని బరువైపోనాది. అందుకని మా యమ్మ మీదకి తోసేత్తన్నావు” అన్నాడు.

కోడలి నోరు మూయించడానికి అంతకంటే పెద్ద మాట మన భాషలో లేదు. మూసుకున్నాను.

ఆమె మాత్రం ఊరుకునే రకమా? మధ్యాహ్నం మగవాళ్ళు రబ్బరు పాల బాల్చీలతో ఫ్యాక్టరీకి పోగానే వాగు దాటేసేది. అవతల సయాం వాళ్ళ ఊరుంది. ఎప్పటి నుంచో అక్కడే ఉండి వరి పండించుకునే జనం. గుంజల మీద కట్టిన ఇళ్ళు, ఎక్కడానికి నిచ్చెన, ఇంటి కింద బాతులు, దంపుడు రోలు. అందులో మొదటి ఇంట్లో ఒక ముసలామె ఉండేది. వక్కాకు నమిలి నమిలి పళ్ళు నల్లబడ్డాయి, ముఖమంతా ముడతలు. మా అత్తకు తల్లి వయసుంటుంది. మా అత్త మాత్రం ఆమెను అక్క వరస కలిపి అప్ప అని పిలిచేది. ఇద్దరికీ వచ్చిన మలాయి మాటలు గుప్పెడు. వాటితోనే గంటలు గంటలు కబుర్లు.

ఒకసారి నన్నూ తీసుకెళ్ళింది. వరి కోతల కాలం. వాళ్ళు మనలా కొడవలితో మొదలంటా కోయరు. అరచేతిలో ఇమిడే చిన్న కత్తి వేళ్ళ మధ్య పట్టుకుని ఒక్కొక్క వెన్నే తుంచుతారు. ఆ ముసలామె పొలంలో నిలబడి తుంచుతోంది. నలుగురు కొడుకులూ కోడళ్ళూ ఉన్న ఇల్లు. ఒక్కళ్ళయినా ఆమెను గట్టెక్కి కూర్చోమనలేదు. తొందరగా తెమలమనీ అనలేదు. ఆమె కట్టిన చిన్న కట్టను కూడా వాళ్ళ పెద్ద కట్టల పక్కనే పెట్టుకుని గాదెకు మోసుకుపోయారు.

కోత మొదలుపెట్టే రోజున మొదటి వెన్నులు ఇంట్లో పెద్ద ఆడమనిషే తుంచాలట. ఆమె పొలంలోకి దిగి, ధాన్యపు తల్లికి దణ్ణం పెట్టి, ఆ నాలుగు వెన్నులూ కట్టి ఇంటికి తెస్తే గానీ మిగిలినవాళ్ళు కత్తి పట్టరు. అందుకని ఆమె ఏడాది పొడుగునా కాళ్ళు పోకుండా చూసుకునేది. పండగ రోజుల్లో అన్నం గిన్నెలు మోసుకుని వాళ్ళ గుడికి నడిచి వెళ్ళేది. చాపలు అల్లేది, బాతుల్ని తోలేది, రోజుకు ఎన్నిసార్లు ఆ నిచ్చెన ఎక్కి దిగేదో లెక్కే లేదు. ఎక్కలేక పడిపోతే ఏం చేస్తారని నేను అడిగాను. ఆమె కూతురు నవ్వింది. మా అమ్మకు ఆ నిచ్చెనే మందు, అది తీసేస్తే రెండో రోజు పోతుంది అంది.

ఆ ముసలామె మా అత్త నడుం మీద చరిచి, “జంగాన్ దూదుక్ లా!” అని చిన్న కత్తి చేతిలో పెట్టింది. కూర్చోకు అని. మా అత్త చీర ఎగ్గట్టి మడిలోకి దిగింది. ఓడ దిగిన తరవాత మళ్ళీ వరి మడిలో కాలు పెట్టింది ఆ రోజేనట. ముఖం చూడాలి, కొత్త పెళ్ళికూతురు కూడా అంతలా వెలగదు.

“ఓలే, మా ఊరి వాసనొత్తన్నాదే” అంది.

ఆ కోతలన్నాళ్ళూ రోజూ వెళ్ళింది. బాగా తినేది, బాగా నిద్రపోయేది, నన్ను మళ్ళీ వెక్కిరించేది. నేను నోరు విప్పలేదు. కానీ తోటలో దాపరికం ఎక్కడ దాగుతుంది? ఎవరో మా ఆయన చెవిలో వేశారు, చిన్న కంగాణి తల్లి సయాం వాళ్ళ దగ్గర కూలి చేస్తోందని. కూలి కాదు, ఇష్టమని చెప్పినా వినేదెవరు? ఇంటికొచ్చి తల్లి ముందు నేల మీద కూలబడి ఏడ్చాడు.

“నాను నీకు కూడెట్టనేక పోతన్నానా అమ్మా? నా తలపాగా ఎవుడి కాళ్ళ కాడ ఎట్టమంటావు?”

అరిస్తే ఆమె లెక్కచేసేది కాదు. కొట్టినా ఎదురు తిరిగేది. ఏడ్చాడు గనక లొంగిపోయింది. వాగు దాటనని కొడుకు నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేసింది.

ఆ తరవాత కుర్చీలోనే ఉంది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. మా ఇంట్లో కొండలెక్కడివి, కరిగింది ఆమే. మొదట పాదాలు వాచాయి. తరవాత మోకాళ్ళు బిగుసుకున్నాయి. దొడ్డికి వెళ్ళాలన్నా నా భుజం కావాల్సి వచ్చింది. తిండి తగ్గింది, మాట తగ్గింది, వెక్కిరింత ఎప్పుడు ఆగిపోయిందో నేను గమనించనే లేదు. వచ్చేవాళ్ళు మాత్రం మహారాణిలా కూర్చోబెట్టాడని ఇంకా మెచ్చుకుంటూనే ఉన్నారు. వాళ్ళ నోట్లో పురుగులు పడ.

అప్పుడు రబ్బరు ధర పడిపోయింది. సగం చెట్లు పాలకు గీయకుండా వదిలేశారు. ఫ్యాక్టరీ పొగ ఆగిపోయింది. ఇళ్ళకిళ్ళు ఖాళీ అవుతుంటే ఒక ఉదయం పెద్ద కంగాణి మా కూలి ఇళ్ళ లైన్ల ముందు నిలబడి చెప్పాడు. పని చేయగల వాళ్ళు తక్కువ కూలికి ఉండొచ్చు. పని చేయలేని ముసలివాళ్ళను తోటలో ఉంచరు, ఖర్చు లేకుండా ఓడెక్కించి మన దేశం పంపిస్తారు. ఎవరు చేయగలరో ఎవరు చేయలేరో వారం తిరిగాక దొరే చూస్తాడు.

మా అత్త కుర్చీలో నుంచే అడిగింది.

“దేశంలో నాకెవులున్నార్రా? మా యన్న పోనాడు, మా యప్ప పోనాది. ఇల్లు ఆ దినాల్లోనే కూలిపోనాది. నన్నెవులింటి కాడ దింపుతార్రా?”

 చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు మా ఆయన మొదలుపెట్టాడు తల్లిని నడిపించడం. తెల్లారగానే నూనె కాచి మోకాళ్ళకు మర్దనా చేసేవాడు. చంకల కింద చేతులేసి లేపి, లైన్ల ముందు నుంచి అటూ ఇటూ నడిపించేవాడు. ఎవరు చూస్తున్నారో అన్న బెంగ అప్పుడేమైందో మరి. ఆమె పెదవి కొరుక్కుని నడిచేది. నొప్పికి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా ఆగమనేది కాదు. చూరులో దోపిన కత్తి తీయించి పక్కలో పెట్టుకుంది.

ఆ రోజు ఆఫీసు ముందు పచ్చికలో ముసలివాళ్ళనందరినీ వరసగా కూర్చోబెట్టి కలుపు తీయమన్నారు. తీసి, లేచి, కాలవ దాకా నడిచి రావాలి. మా అత్త గొంతుక్కూర్చోగలిగింది. ఆమె చేయి ఏమీ మరిచిపోలేదు. తన ముందున్న గడ్డిని అందరికంటే ముందే, వేరు తెగకుండా తీసి పక్కన పెట్టింది. దొర కూడా ఆగి చూశాడు. నాకు ఆశ పుట్టింది. ఆ ఆశ పుట్టకపోయినా బాగుండేది.

తరవాత లేవమన్నారు. అరచేతులు నేలకానించి నడుం ఎత్తింది. మోకాళ్ళు సాగలేదు. మళ్ళీ ఎత్తింది. మూడోసారి పక్కకు ఒరిగి గడ్డిలో చతికిలబడి, చుట్టూ ఉన్నవాళ్ళకు క్షమించమన్నట్టు చేతులు జోడించింది. మా ఆయన పరిగెత్తబోతే ఆఫీసు గుమాస్తా చెయ్యి అడ్డం పెట్టాడు. అప్పుడు దొర వేలు చూపించాడు. ఆ వేలికి అర్థం అందరికీ తెలుసు.

నేను ఇంటికి వెళ్ళలేదు. ఆ కాళ్ళతోనే వాగు దాటి సయాం ముసలామె దగ్గరికి పోయాను. వచ్చిన మలాయిలో చెప్పాను, రాని చోట ఏడ్చాను. వాళ్ళు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు కూడా చూసుకోలేదు. తీసుకొచ్చెయ్, ఆమె పడుకోవడానికి చాప అల్లే ఉంది అన్నారు. రేపటి నుంచి బాతుల్ని చూసుకోమను, లేవలేకపోతే పాక్కుంటూ చూసుకుంటుంది అని ఆ ముసలామె నవ్వింది. అంత తేలిగ్గా నా జన్మలో ఎవరూ నాకు సాయం చేయలేదు.

వచ్చి చెబితే మా ఆయన తల అడ్డంగా ఊపాడు.

“మా యమ్మని పరాయోల్లింట పడేసినాడంటారు. దేశమెల్లినాదంటే అదో మర్యాద. నా పని కూడా పోద్ది.”

“పరాయోల్లింట బతుకుద్ది! ఓడలో సచ్చిపోద్ది!” అని అరిచాను.

“నువ్వు ఊరుకో” అన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చాడని నాకు తెలుసు. ఏడిస్తే ఏం లాభం? అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్న సామెత మనవాళ్ళు ఎవరిని చూసి పుట్టించారో గానీ నాకు ఆ రోజు నా మొగుడు తప్ప ఎవరూ కనపడలేదు. మా అత్తను అడిగాను, నువ్వేమంటావు అని. ఒట్టేసినాను కదే, అంది. వాగు వైపు చూడను కూడా లేదు.

సుంగై పటాని స్టేషనుకు తీసుకుపోయే లారీ మర్నాడు పొద్దున్నే ఆఫీసు ముందు ఆగింది. అక్కడి నుంచి రైలు, తరవాత పినాంగు ఓడ. లారీ తలుపు ఎత్తుగా ఉంది. ఆమె ఎక్కలేకపోయింది. మా ఆయన చిన్నపిల్లను ఎత్తినట్టు తల్లిని రెండు చేతుల మీదా ఎత్తి లోపల బల్ల మీద కూర్చోబెట్టాడు.  ఆమె మూట ఒళ్ళో పెట్టుకుని కొడుకు ముఖమే చూస్తోంది. మా పెద్దవాడు మామ్మ ఎక్కడికెళ్తోందని అడుగుతున్నాడు. నేను వాణ్ణి గట్టిగా హత్తుకున్నాను.

లారీ కదిలింది. కదిలిన కుదుపుకేమో, మరెందుకో, ఆమె పక్క చెక్క పట్టుకుంది. రెండో చెయ్యీ వేసింది. మెడ నరాలు ఉబ్బాయి. మూట జారి కింద పడింది. నడుం లేచింది, మోకాళ్ళు సాగాయి. ఆమె నిలబడింది. నిలబడి, ఆఫీసు గుమ్మం వైపు చూస్తూ అరిచింది.

“దొరా! సూడు దొరా! లెగిసినాను! నానే లెగిసినాను, సూడు!”

దొర ఎప్పుడో లోపలికి వెళ్ళిపోయాడు. లారీ మలుపు తిరిగే దాకా ఆమె కూర్చోలేదు.