కరాచీకి ఆరు గంటలు

మేము హైదరాబాదు కార్వాన్‌లో ఉన్న ఆ కాలంలో విమానమంటే తల పైకెత్తి చూసేదే తప్ప మాబోటివాళ్ళు ఎక్కేది కాదు. అలాంటిది మా బావ ఎక్కవలసి వచ్చింది. ఆయన నయాపూల్ దగ్గర ఒక సేఠ్ వద్ద ఇంజన్లు బాగుచేసే మిస్త్రీ. కరాచీలో ఆ సేఠ్ మిల్లు ఇంజన్ ఆగిపోయింది. దాని రోగం బావకు తప్ప ఇంకెవరికీ అంతుబట్టదట. రైలైతే ఆలస్యమని సేఠ్ విమానం టికెట్టే కొన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి అక్కకు నిద్ర లేదు.

"తమ్మీ, మీ బావ ఎన్ని గంటలు మొగులు మీద ఉంటడు?" అని నన్నడిగింది. నేను అప్పుడే బడిలో భూగోళం చెప్పే పంతులుగా కుదిరాను. (ఇరవై రెండేళ్ళు, తెలియనిదంటూ ఒక్కటీ లేని వయసు.) అట్లాసు తెరిచి, హైదరాబాదు నుంచి కరాచీ దాకా దారం పరిచి కొలిచి, తొమ్మిది వందల మైళ్ళని తేల్చాను. విమానం గంటకు నూట యాభై మైళ్ళు పోతుందని పత్రికలో చదివిన గుర్తు. భాగిస్తే ఆరు. "పొద్దుగాల ఏడింటికి లేస్తే ఒంటిగంటకు దిగుతడక్కా. ఫికర్ చెయ్యకు" అన్నాను. ఆయన నేల మీద కాలు పెట్టేదాకా ముద్ద ముట్టనని అక్క మొక్కుకుంది.

బావ వెళ్ళిన రోజు సరిగ్గా ఒంటిగంటకు బడి నుంచి పరుగున వచ్చి, ఆయన దిగినట్టు ప్రకటించాను. అక్క దేవుడికి దండం పెట్టుకొని తిన్నది. వండి ఉంచిన పరమాన్నం వాడంతా పంచింది.

సాయంత్రం వాకిట్లో టాంగా ఆగింది. పెట్టె పట్టుకొని బావ దిగాడు. పాలు పోసే పక్కింటి తాత ఆయనను ఎగాదిగా చూసి, "అప్పుడే కరాచీ పొయ్యి ఒచ్చినవా? మస్తు తేజ్ ఉన్నదే ఇమానం" అన్నాడు. సంగతేమిటంటే, వానకు విమానం రానే లేదు. బావ పొద్దంతా బేగంపేట విమానాశ్రయంలోనే కూర్చున్నాడు. రేపు బయలుదేరుతుందట. పైగా అది దారిలో ఆగి టపా దింపి, పెట్రోలు పోసుకొని, రాత్రికి ఒక ఊళ్ళో ఉండి, మరునాడు గానీ కరాచీ చేరదట. (నా దారం మధ్యలో ఎక్కడా ఆగలేదు మరి.)

అందరూ నవ్వారు, అక్క తప్ప. ఏమన్నా తిన్నావా అని బావను మెల్లగా అడిగింది.

"లేదు. ఎప్పుడు పిలుస్తరో అని బెంచీ మీది నుంచి లేవలే" అన్నాడాయన.

అక్క కళ్ళు నిండాయి. పరమాన్నం గిన్నె అప్పటికే ఖాళీ. లేచి మళ్ళీ పొయ్యి రాజేసింది. నన్ను తిట్టినా నయంగా ఉండేది.

మరునాడు బావ నిజంగానే వెళ్ళాడు. ఈసారి అక్క నన్ను గంటలు అడగలేదు. ప్రాయశ్చిత్తంగా, బావ దిగినట్టు తంతి వచ్చేదాకా నేనూ తిననన్నాను. మొదటి రోజు గౌరవంగానే గడిచింది. రెండో రోజు సింధు నది ఎక్కడ పుడుతుందో పిల్లలకు చెబుతూ కళ్ళు తిరిగి కూలబడ్డాను. తోటి పంతులు ఇంటికి నడిపించుకొచ్చాడు. అప్పటికి తనూ ఏమీ తినని అక్క నా ముందు కంచం పెట్టింది.

"నువ్వు తిను తమ్మీ. ఆయన కోసం ఉపాసం నేనున్న గద."

ఒక్కసారైనా వద్దనకుండా తిన్నాను. రెండోసారి వడ్డించుకుంటుండగా తంతి వచ్చింది. అక్కకు చదువు రాదు, నా చేతికిచ్చింది. బావ క్షేమంగా దిగాడని నోటినిండా అన్నంతోనే చదివి వినిపించాను. అప్పుడు నవ్వింది. బావ దిగినందుకో, నా వాలకం చూసో నాకిప్పటికీ తెలియదు. ఆ ఇరవై రెండేళ్ళ పంతులు గుర్తొస్తే నాకూ నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా వేస్తుంది.