ఫైల్లో చచ్చిపోయిన అవ్వ

సికింద్రాబాద్‌లో నేను గుమాస్తాగా పనిచేసిన ఆఫీసులో సూపరింటెండెంట్‌కి రెండు పిచ్చులుండేవి. ఒకటి ఎర్ర సిరా, రెండోది స్వచ్ఛమైన తెలుగు. "లీవ్ లెటర్ స్వచ్ఛమైన తెలుగులో రాసి నీట్‌గా సబ్మిట్ చెయ్యాలయ్యా" అనేవాడు. అందులో తెలుగెంతుందో అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

ఇక్కడి వాళ్ళు తమ మాటల్లో రాసుకున్న ఉత్తరాలన్నీ ఎర్రగీతలతో తిరిగొచ్చేవి. దాంతో అందరి సెలవు చీటీలూ రాసిపెట్టే పెద్దరికం నా నెత్తికెక్కింది. నాది ఒంగోలు వైపు. నా తెలుగే తెలుగని నాకూ కొంచెం పొగరు.

రికార్డు గదిలో పనిచేసేవాడిది బన్సీలాల్‌పేట్. నలభై దాటిన మనిషి, నోట్లోంచి మాట ఊడిపడేది కాదు. వాళ్ళ నాయనమ్మ పోయినప్పుడు సెలవు చీటీ నేనే రాశాను. మా వైపు నాయనమ్మను అవ్వంటాం కాబట్టి "మా అవ్వ మరణించినందున" అని దర్జాగా రాశాను. అతను చదవకుండానే సంతకం పెట్టాడు.

ఏడాది తర్వాత ఒకరోజు నేను మెట్టుగూడలో ఉన్న ఇంటి నుంచి ఆలస్యంగా వచ్చాను. అప్పటికే అతను సొంతంగా చీటీ రాసుకుని సూపరింటెండెంట్ ముందు నిలబడి ఉన్నాడు. "మా అవ్వకు రేపు ఆపరేషన్ ఉన్నది. రెండు రోజులు లీవ్ గావాలె."

మా మహానుభావుడు పాత ఫైలు తెప్పించాడు. అలాంటి పనుల్లో మాత్రం ఆయనకు ఎక్కడలేని చురుకు.

"పోయినేడాది చచ్చిపోయిన అవ్వకి రేపు ఆపరేషనా? ఏ లోకంలో చేస్తున్నారయ్యా?"

ఆఫీసంతా గొల్లుమంది. సిగ్గులేకుండా నేనూ నవ్వాను.

"అవ్వంటే కన్నతల్లి సార్. సచ్చిపోయింది మా నాయినమ్మ" అన్నాడతను.

అప్పుడు వెలిగింది నాకు. "పొరపాటు నాదండీ, ఆ చీటీ నేనే రాశాను" అన్నాను. ఇంతోటి నిజాయితీకి నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

సూపరింటెండెంట్ కరగలేదు. "ఎవరు రాస్తేనేం? ఫైలు ప్రకారం వీళ్ళమ్మ లేదు. బతికే ఉందని లెటర్ పెట్టమను, అప్పుడు శాంక్షన్ చేస్తా."

తెల్లారితే ఆపరేషన్ బల్ల ఎక్కబోయే తల్లి బతికే ఉందని కాగితం! ఆ మనిషికి బుర్ర బదులు రబ్బరు స్టాంపు ఉందని ఆ రోజు రూఢి అయింది.

అతను తెల్లకాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"మా అవ్వను సంపి రాసింది మీరే గద సార్. బతికిచ్చి సుత మీరే రాయుండ్రి."

రాశాను. ఈసారి అతను ప్రతి అక్షరం మీదా వేలుపెట్టి, రెండుసార్లు చదువుకుని, అప్పుడు సంతకం పెట్టాడు.